గడ్డంలో విత్తనం

"రేపు పదకొండింటికి మందుల ఫ్యాక్టరీలో పెద్ద రియాక్టర్ మూత తీస్తారు. శత్రువు దెబ్బ కొట్టేది అప్పుడే," అన్నాడు చీఫ్. "ఇన్‌స్పెక్టర్ వేషంలో వెళ్ళి, సరుకు తెచ్చేవాణ్ణి పట్టుకో."

"ఏం సరుకు సార్? బాంబా?"

"ఆవగింజలో సగం. తెల్లపొడి."

ఏజెంట్ నవ్వాడు. పక్కనున్న ఫ్యాక్టరీ కెమిస్టు నవ్వలేదు.

"మా మైగ్రేన్ మందు రెండు రకాల స్ఫటికాలుగా గడ్డకడుతుందయ్యా. మొదటిది నాలుక కింద అర నిమిషంలో కరుగుతుంది. రెండోది మొండిఘటం, సరిగా కరగదు, నొప్పి తగ్గించదు. దాని రేణువొక్కటి పడిందా, పాలకి తోడేసినట్టే. రియాక్టరంతా మొండిరకమైపోతుంది. ఎంత కడిగినా ఆ పీడ వదలదు. ఫ్యాక్టరీకి తాళమే."

"రంగూ రుచీ తేడా ఉండదా?"

"రెండూ తెలుపే. రెండూ పరమ చేదే."

తమ మందు తప్ప మరో మందు బతకకూడదనే సముద్రం అవతలి కంపెనీ పన్నాగం ఇది. నొప్పితో గోడకు తల బాదుకునేవాళ్ళ గోడు వాళ్ళకెందుకు? ఏజెంట్‌కి ఆ గోడ బాగా తెలుసు. మూడేళ్ళు బాదుకుని, పరీక్షల దశలో ఈ బిళ్ళ నాలుక కింద పెట్టుకున్నాకే మళ్ళీ వెలుతురు చూశాడు.

వేషానికి గడ్డం, మీసం అంటించింది అతని వదిన, డిపార్ట్‌మెంట్‌లో మారువేషాల మేస్త్రి. ఎర్ర లిప్‌స్టిక్, నల్లకళ్ళద్దాలు. ఆమె నడిచొస్తే వరండా అంతా తలలు తిప్పేది. ఆరేళ్ళ కిందట అన్న దాక్కున్న చోటు ఎవడో శత్రువుకి చేరవేశాడు. అన్న తిరిగిరాలేదు. అమ్మ లేని మరిదికి ఆనాటి నుంచీ అన్నం కలిపి పెట్టింది ఆవిడే.

"పులిలా ఉన్నావు మరిదీ. గోక్కున్నావంటే ఊడుతుంది, జాగ్రత్త."

పదకొండుకు రెండు నిమిషాలు. తెల్ల గౌను, టోపీ, ముక్కు నుంచి గడ్డం దాకా గుడ్డ. రియాక్టర్ చుట్టూ నలుగురు పనివాళ్ళు బోల్టులు విప్పుతున్నారు. ఎవడి చెయ్యీ జేబులోకి పోవడం లేదు.

చెవిలో వదిన గొంతు. గేటు బయట వ్యాన్‌లో ఉంది. "ఏం వినబడట్లేదు. ఆ గుడ్డ దించి మాట్లాడు."

దించాడు. "ఎవడూ కదలట్లేదు వదినా."

"అయితే లోపలే పడేశారేమో. మూత లేవగానే వంగి చూడు. బాగా వంగు."

చివరి బోల్టు. అతను వంగాడు. మీసంలోంచి చెమటచుక్క పెదవి మీదికి జారింది.

చేదు.

జిగురు ఇంత చేదుండదు. ఈ చేదు అతని నాలుకకు చుట్టం!

మూత వేలెడు లేచింది.

"దించండి! మూత దించండి!" రెండు చేతులతో గడ్డం మూసుకుని వెనక్కి దూకాడు. మూత ధన్‌మని పడింది. దొంగ కోసం గదంతా గాలించాడు. దొంగసరుకు మోసుకొచ్చిన గాడిద తనే.

బయటి గదిలోకి పరిగెత్తి చేతి వాచీని రెండుసార్లు నొక్కాడు. లైన్ చీఫ్‌కి కూడా కలిసింది.

"గడ్డానికి ఏం రాశావు వదినా?"

ఆవిడ తాపీగా, "నీకైతే ఫ్యాక్టరీ తలుపులన్నీ వాళ్ళే తెరుస్తారు కదరా," అంది.

"నీ చేతి అన్నం తిన్నాను."

"మీ అన్నా తిన్నాడు."

డిపార్ట్‌మెంట్ ఆరేళ్ళుగా వెతుకుతున్న ఆ 'ఎవడో' ఎవరో మూడు మాటల్లో తేలిపోయింది. చెవిలో వ్యాన్ తలుపు జరిగిన చప్పుడు. గేటు దగ్గరే కాపు కాసిన చీఫ్ గొంతు: "కళ్ళద్దాలు తియ్యమ్మా. ఒక్కసారి ముఖం చూడనీ."

కెమిస్టు గడ్డాన్ని చర్మంతో సహా వచ్చేట్టు పీకి, సీసాలో వేసి సీలు కొట్టాడు. ఏజెంట్ కళ్ళు తుడుచుకుంటూ, మంట అన్నాడు.

సాయంత్రం చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "కొత్త మేస్త్రిని వెయ్యాలి. ఈసారి గడ్డం ఎవరిచేత అంటించమంటావు?"

"నేనే పెంచుకుంటాను సార్. చెంప మీద మొలిచింది వెన్నులో పొడవదు."