పియానోలో ఎడమవైపు సుత్తులు

పియానో శ్రుతి చేసే మనిషి డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చి, కూర్చోకుండానే ఏడుపు మొదలుపెట్టాడు.

"నింద నా మీదే పడింది సార్. సాయంత్రం ఊరందరికీ ఉచితంగా రాగ్‌టైమ్, అదే పాతకాలపు అమెరికా పియానో పాటల కచేరీ. వాయించేది మా బావే. పొద్దున హాలు తెరిచి చూస్తే, పియానోలో తీగల్ని కొట్టే సుత్తులు సగం లేవు. తాళం చెక్కుచెదరలేదు. తాళంచెవి నా దగ్గరొకటి, బావ దగ్గరొకటి ఉన్నాయంతే. కచేరీ పెట్టిన సంఘం కార్యదర్శి పోలీసుల్ని పిలుస్తానంటున్నాడు."

డిటెక్టివ్ తన అసిస్టెంటును వెంటబెట్టుకుని హాలుకు వెళ్లి, పియానో లోపల టార్చి వేశాడు. పోయినవన్నీ ఎడమవైపు సుత్తులే. వాటి మరలు మాత్రం ఎవరో తిరిగి ఎక్కడివక్కడే బిగించారు. చెక్కమీద ఒక్క గీతా లేదు.

"పగబట్టినవాడైతే గొడ్డలి తెచ్చేవాడు. ఇది పియానో అంటే ప్రాణం పెట్టే చెయ్యి," అన్నాడు డిటెక్టివ్.

"అంటే మన క్లయింటేనా సార్?" అసిస్టెంటు గొంతు తగ్గించాడు.

"తొందరపడకు."

ముందు వరుసలో క్లయింటు బావ, అంటే పియానో మాస్టారు, పక్కనే ఆయన భార్య కూర్చుని ఉన్నారు. మాస్టారి చొక్కాకు ఎడమ మణికట్టు దగ్గర బొత్తం పెట్టి ఉంది. కుడివైపు బొత్తం పెట్టలేదు, చేతి అంచు తెరుచుకుని వేలాడుతోంది.

"మీ ఇంట్లో ఈ పని ఇంకెవరికైనా వచ్చా?" డిటెక్టివ్ క్లయింటును అడిగాడు.

"మా నాన్న చేసిన పనే సార్. చిన్నప్పుడు అక్కా నేనూ ఆయనకు సాయం పట్టేవాళ్లం."

డిటెక్టివ్ కార్యదర్శిని కూడా పిలిపించి అందరినీ కూర్చోబెట్టాడు.

"రాగ్‌టైమ్‌లో ఎడమ చెయ్యి నడక తప్పకుండా తాళం వేస్తుంటే, కుడి చెయ్యి దానితో ఆటలాడుతుంది. ఎడమ చెయ్యి తడబడితే పాట కూలిపోతుంది. కుడి మణికట్టు బొత్తం పెట్టాల్సిందీ ఎడమ చెయ్యే. మాస్టారూ, మీ వేళ్లు ఎన్నాళ్లుగా మాట వినడం లేదు?"

మాస్టారు ఎడమ చేతిని కుడి చేత్తో కప్పుకున్నాడు.

"అది దాచాలనుకున్న మనిషికి పని తెలుసు, ఇంట్లోనే తాళంచెవి దొరుకుతుంది," అన్నాడు డిటెక్టివ్.

"నేనే తీశాను," అంది భార్య. "ఈయన బల్లమీద వేళ్లు ఆడించబోయి, అవి కదలక తలుపేసుకుని ఏడుస్తారు. పియానో పాడైందంటే ఈయన పరువు దక్కుతుందనుకున్నాను. తమ్ముడి మెడకు చుట్టుకుంటుందని తోచలేదు."

"నాతో ఒక్క మాట అనుండాల్సింది అక్కా," అన్నాడు తమ్ముడు.

"అడగాల్సింది నన్ను," అన్నాడు మాస్టారు. "వాయించలేనని నాకు తెలీదా? తప్పులతోనైనా చివరిసారి నలుగురిలో వాయించుకుందామని ఒప్పుకున్నాను. ఆ ఒక్కటీ నాకు మిగల్చవా?"

ఆమె సంచిలోంచి సుత్తులు తీసింది. ఒక్కొక్కటీ మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. పోలీసులు అక్కర్లేదన్నాడు కార్యదర్శి. తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ బిగించడం మొదలుపెట్టాడు.

సాయంత్రం హాలు నిండిపోయింది. మొదటి పాట ఎలాగో గట్టెక్కింది. రెండోదాంట్లో ఎడమ చెయ్యి తడబడి ఒళ్లోకి జారిపోయింది. కుడి చెయ్యి ఒంటరిగా కాసేపు నడిచి, అదీ ఆగింది.

"ఇక రాదండీ," అన్నాడు మాస్టారు, జనం వైపు తిరిగి.

ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. అప్పుడు ఆయన భార్య లేచి నిలబడి, ఏడుస్తూనే, చప్పట్లు కొట్టింది.