అద్దానికి పూసిన వెండి

ఆ రోజు పొద్దున నాగేంద్రమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, వెనక వరండాలో, చుక్కలు చూసే దూరదర్శిని అద్దం ముందు కూర్చుంది. అన్నం తినే కంచమంత గాజు అద్దం అది. పెనుకొండలో చాలాకాలం ఉద్యోగం చేసిన తెల్లదొర ఒకడు దేశం వదిలి పోతూ, గొట్టంతో సహా దాన్ని ఆమె తండ్రి చెన్నకేశవులుకు ఇచ్చిపోయాడు. ఆయన ఆ ఊరి బడిలో సైన్సు అయ్యవారు.

అద్దం మీది వెండిపూత ఏడాది తిరిగేసరికి మసకబారుతుంది. పాత పూతను ఆసిడ్‌తో కడిగేసి కొత్తది పూయాలి. చెన్నకేశవులుకు చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి, అంటే పదేళ్లుగా, ఆ పని నాగేంద్రమ్మదే. వెండిని కరిగించిన ఆ మందునీళ్లు తగిలితే వేళ్లు నల్లబడతాయి. ఎంత రుద్దినా వారాల తరబడి ఆ నలుపు పోదు.

ఆ పూట తండ్రి బజారుకు పోయాడు. ధర్మవరం నుంచి పెద్దమ్మ లక్ష్మక్క వచ్చింది. తల్లి పోయాక ఏడాదికోసారి వచ్చి చూసిపోయే మనిషి ఆమె. చెల్లెలి కూతురి చేతులు చూసి నిట్టూర్చి, మొన్న ఒక పెళ్లిలో సుబ్బమ్మ కనబడిందని చెప్పింది.

సుబ్బమ్మ ఎవరో నాగేంద్రమ్మ మరిచిపోలేదు. ఐదేళ్ల కిందట, యాభై ఎనిమిదిలో, ధర్మవరం రైల్వేలో గుమాస్తాగా ఉన్న తన కొడుకు నారాయణస్వామికి నాగేంద్రమ్మను చూసుకుని వెళ్లిన మనిషి. పిల్ల నచ్చలేదన్నారని తండ్రి అప్పుడు చెప్పాడు. ఆ తర్వాత మరో సంబంధం రాలేదు. తన ముఖంలోనే ఏదో లోపం ఉందని నాగేంద్రమ్మ నమ్మింది.

"నచ్చకపోవడం కాదంట మే," అంది లక్ష్మక్క. "వేళ్లు నల్లగా ఉండాయే, అది రోగమా, పని మరకా, ఒక్క మాట రాయండి చాలు అని మీ నాయనకు జాబు రాసిందంట. జవాబే లేదంట. రోగమే కాబోలు అనుకున్నారు. అందరూ అదే అనుకున్నారు."

నాగేంద్రమ్మ అప్పటికే మందునీళ్లు కలిపి పళ్లెంలో పోసింది. మధ్యలో ఆపితే పూత చారలు పడుతుంది. అందుకని పళ్లేన్ని అటూ ఇటూ వంచుతూనే ఉంది. గాజు నల్లబడి, గోధుమరంగుకు తిరిగి, తళతళలాడింది. పట్టిపెట్టిన వాననీళ్లతో కడిగి అద్దాన్ని గోడకు ఆనించింది. అప్పుడు గానీ పెద్దమ్మ వైపు తిరగలేదు.

తండ్రి రాగానే అడిగింది. "నాయనా, సుబ్బమ్మ కాడి నుంచి జాబు వచ్చిండెనా?"

ఏ సుబ్బమ్మ అనబోయాడు ఆయన. వదినె ముఖం చూసి అరుగు మీద కూలబడ్డాడు. "వచ్చింది."

"ఏమని రాసినావు?"

"రాయలేదు." ఆయనే మళ్లీ అన్నాడు: "నువ్వు పోతే ఈ అద్దం పని చేసేవాళ్లు యాడుండారమ్మా? ఒక్క ఏడాది పోనీలే అనుకుంటి. మళ్లీ ఇంకొక ఏడాది అనుకుంటి."

"నాకు రోగమని ధర్మవరమంతా చెప్పుకుంటాంటే ఊరకుండినావు. ఆ అద్దం మీద చిన్న గీత పడితే మాత్రం రెండు దినాలు అన్నం తినవు."

ఆమె గొంతు పెంచలేదు. లక్ష్మక్క అడ్డుపడి ఏదో సర్దిచెప్పబోయింది కానీ, ఇద్దరిలో ఎవరూ వినలేదు. ఆ పూట ముగ్గురికీ వడ్డించి నాగేంద్రమ్మ తినకుండా లేచిపోయింది.

మర్నాడు లక్ష్మక్కతో పాటే చెన్నకేశవులు ధర్మవరం రైలెక్కాడు. సాయంత్రానికి తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండానే కూతురికి జరిగింది చెప్పాడు. నారాయణస్వామికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. సుబ్బమ్మ ఇంట్లో అందరూ ఉండగానే చెన్నకేశవులు తాను చేసింది ఒప్పుకున్నాడు. ఆమె మజ్జిగిచ్చి పంపింది.

"ఇప్పుడు చెప్తే నాకేమొచ్చె?" అంది నాగేంద్రమ్మ.

"ఏమీ రాదు. నీ మీద పడిన మాట నా నోటితోనే తియ్యల్ల గదా." తల వంచుకుని, "నీకేం కావల్లమ్మా?" అన్నాడు.

ఇరవై ఏడేళ్లలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. హిందూపురం పోయి టీచరు ట్రైనింగులో చేరతానంది. ఆయన కాగితం తెచ్చి, వణికే చేత్తోనే దరఖాస్తు రాశాడు.

రెండు నెలలకు సీటు వచ్చింది. స్టేషన్లో రైలు కోసం నిలబడినంతసేపూ, తండ్రి అద్దం సంగతి ఎత్తుతాడని ఆమె ఎదురుచూసింది. ఇక దాన్ని ఎవరు కడుగుతారు, ఎవరు పూస్తారు అని ఒక్క మాట అడిగితే చాలు, ఆ కోపంతో తేలిగ్గా వెళ్లిపోవచ్చు అనుకుంది.

ఆయన అడగలేదు. ట్రంకుపెట్టె లోపల పెట్టించి, కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సెలవులకు రావల్లనేం లేదమ్మా. నీకు రావల్లనిపిస్తేనే రా."

రైలు కదిలింది. క్షమించగలనో లేదో నాగేంద్రమ్మకు తెలియలేదు. ప్లాట్‌ఫారం మీద ఆయన చిన్నగా అయిపోయి కనబడకుండా పోయాక, ఎదురుగా కూర్చున్నవాళ్లు చూస్తున్నా ఆపుకోలేక, కొంగులో ముఖం పెట్టుకుని హిందూపురం దాకా ఏడ్చింది.