హౌరాకు రాను

ఉదయం ఏడున్నరకు సూరన్న గబగబా టీ తాగి, గొడుగు చంకన పెట్టుకుని, "ఎల్తన్నాను" అన్నాడు. అనగానే నాలుక కరుచుకున్నాడు. మనవాళ్లెవరూ గడప దాటుతూ ఆ మాట అనరు, "ఎల్లొస్తాను" అంటారు. ఈ ఊరి బెంగాలీలైతే ఏకంగా "వస్తాను" అనే అంటారు. ఇంకో ఇంట్లో అది నోరు జారడం, అంతే. సుందరి దగ్గర మాత్రం అది పెద్ద నేరం.

"ఎల్తన్నావా? అంటే మరి రావన్నమాట!" సుందరి చేతిలోని గ్లాసు గోడకు తగిలి ముక్కలైంది.

కలకత్తా వాట్‌గంజ్‌లో ఆ ఒంటిగది కాపురం మొదలై ఏడేళ్లు. సుందరి మనసు బాగున్న రోజు సూరన్న దేవుడు, మర్నాడు దొంగ. అతను పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, వదిలేసి పోయాడని ఆమెకు నిజంగానే గుండె ఆగినంత పనవుతుంది. వెంటనే సంచీ సర్దుకుని హౌరా స్టేషన్‌కు పోయి, అక్కడి బూత్ నుంచి అతను పనిచేసే మురుగునీటి పంపు స్టేషన్‌కు ఫోన్ చేస్తుంది. ఆయనగారు పని వదిలి పరుగెత్తి, ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తుండగా బతిమాలి తీసుకొస్తాడు.

ఆసుపత్రి డాక్టరమ్మ ఇది బోర్డర్‌లైన్ అనే మనసు జబ్బని చెప్పి, సుందరిని వారం వారం రమ్మంది. సూరన్నకూ ఒక మాట చెప్పింది. ప్రేమగా ఉండు, కానీ ప్రతి పిలుపుకూ పరుగెత్తకు, చేయలేనిది ముందే చెప్పు, చేస్తానన్నది తప్పకుండా చెయ్యి అని. చెప్పడం తేలికే. కాపురం చేసేది డాక్టరమ్మ కాదు కదా!

పోయిన నెల వానలో సూరన్న పంపు వదిలి హౌరాకు పోతే, మురుగునీళ్లు నాలుగు సందుల ఇళ్లలోకి వచ్చాయి. ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని ఆఫీసు పెద్దబాబు కాగితం చేతిలో పెట్టాడు. ఇవాళ మళ్లీ మబ్బు కమ్ముకుంది.

"నోరు జారింది సుందరీ. ఎల్లొస్తాను, సరేనా? ఆరింటికి ఇంటికాడుంటాను."

"ఒద్దు! నువ్వెల్తే నాను టేసన్‌కి పోతాను. నువ్వు రావాల."

"రాను."

ఏడేళ్లలో మొదటిసారి అన్న మాట అది.

"ఏటన్నావు?"

"హౌరాకి రాను. ఫోన్ సేసినా రాను. గ్లాసులిసిరితే బయటికెల్లిపోయి, నువ్వు నెమ్మదించినాక ఒస్తాను. ఆరింటికి మాత్రం ఒస్తాను, నీ కోసవే ఒస్తాను. ఇంతకన్నా నాను సెయ్యలేను. నాకూ ఓపిక అయిపోనాది!"

"అందరూ ఒగ్గీసినట్టే నువ్వూ ఒగ్గీ!"

సూరన్నకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. వానలోకి నడిచాడు.

పదింటికి పంపు స్టేషన్లో ఫోన్ మోగింది. "టేసన్లో ఉన్నాను" అంది. "ఆరింటికి ఇంటికొస్తాను" అన్నాడు. పదకొండింటికీ అదే మాట, అదే జవాబు. ఆ తర్వాత ఫోన్ మోగలేదు. అది మరీ నరకంగా ఉంది. పంపు హోరులో నిలబడి సుందరిని, డాక్టరమ్మను, తనను, అందరినీ తిట్టుకున్నాడు. కానీ అక్కడినుంచి కదలలేదు.

ఆరింటికి వచ్చేసరికి సుందరి తడిచీరతోనే గదిలో నేలమీద కూర్చుని ఉంది.

"నువ్వు రానేదు."

"రానేదు."

"నాలుగు రైళ్లు ఎల్లిపోనాయి. ఎక్కనేదు. నీ కోసం సూసినాను, తిట్టినాను, ఏడిసినాను." తడి కొంగు పిండింది. "ఎల్లేటప్పుడు హౌరా హౌరా అని కేకేసే బస్సెక్కీస్తాను. తిరిగొచ్చే బస్సేదో నాకు తెల్దు. ఎప్పుడూ నువ్వే తెచ్చీవోడివి కదా. ఒక బెంగాలీ దాదాని అడిగి ఎక్కినాను."

సూరన్న ఇన్నేళ్లూ ఆమెను కాపాడుతున్నాననుకునే పరుగెత్తాడు. ఆమెకు ఇంటిదారి తెలియకుండా చేసింది కూడా ఆ పరుగే.

"బయమేసిందేటి?"

"శానా. నీ మీద కోపం పోనేదు. రేపూ ఉంటాది."

"ఉండనీ."

"కానీ ఒక్కదాన్నే ఒచ్చినాను, సూడు" అంది సుందరి. ఆ మాట తనకే నమ్మశక్యం కానట్టు అతని ముఖంలోకి చూసి, భోరుమని ఏడ్చింది.