చూపు ఎటుంటే బండి అటే

నా నెత్తి మీది టోపీ ఎత్తుకుపోయిన అమ్మాయినే చేసుకుంటానని చెప్పిన రోజు నుంచీ మా అమ్మ నా బండి ఎక్కడం మానేసింది. ముందు ఆ టోపీ సంగతి చెప్పాలి.

బందరు తిరునాళ్లలో బావిలో మోటార్ సైకిల్ ఆట పెట్టారు. చెక్కలతో కట్టిన పెద్ద గుండ్రటి బావి. మనం మెట్లెక్కి అంచు చుట్టూ నిలబడి కిందకి చూడాలి. లోపలికి ఒక అమ్మాయి వచ్చింది. జడ నడుముకి చుట్టుకుని కిక్ కొట్టింది. కింద రెండు చుట్లు తిరిగి, బండితో సహా గోడెక్కేసింది. తర్వాత రెండు చేతులూ వదిలేసింది. నా కాళ్ల కింద చెక్కలు గడగడలాడుతున్నాయి, నా గుండె సంగతి ఇక చెప్పక్కర్లేదు. గోడ మీద అడ్డంగా ఆమె అంత హాయిగా తిరుగుతుంటే, నిటారుగా నిలబడ్డ మేమే ఏదో తప్పు చేస్తున్నామనిపించింది.

జనం పది రూపాయల నోట్లు చాపుతున్నారు. ఆమె అంచు దాకా వచ్చి అందుకుంటోంది. నేనూ చాపాను. తీరా నా వైపు వంగి వచ్చేసరికి హడలిపోయి చెయ్యి లాగేసుకున్నాను. బండి తూలింది. పక్కవాళ్లు నన్ను నోటికొచ్చినట్టు తిట్టారు. మరుసటి చుట్టులో ఆమె మళ్లీ నా దగ్గరికే వచ్చి, టోపీ లాక్కుని వెళ్లిపోయింది.

ఆట అయ్యాక అడగడానికి వెళ్తే, చేతులకంటిన ఆయిల్ తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది.

“చెయ్యి చాపాక వెనక్కి తీసుకోకూడదండి. అది అక్కడే ఉంటుందని నమ్మి నేను వంగుతాను. ఎప్పుడైనా చాపి ఉంచే ధైర్యం వస్తే అప్పుడు రండి, టోపీ ఇస్తాను.”

బోడి నెత్తితో మా ఊరు పెడన వచ్చేశాను.

రెండేళ్లయ్యాక మా బస్టాండు పక్కన కొత్త బోర్డు కనబడింది. ‘జ్యోతిర్మయి లేడీస్ స్కూటీ స్కూల్’. లోపల ఆమే. వెనక మేకుకి నా టోపీ. ఆ ఆట నడిపిన ఆమె మేనమామ గంగన్న బావి అమ్మేసి గుడివాడలో స్థిరపడ్డాడట. మళ్లీ ఇంకో కంపెనీలో చేరలేదేమని అడిగాను.

“ఆ బావిలో ఎంత స్పీడుగా తిరిగినా ఎక్కడికీ వెళ్లం కదండీ,” అంది. “అందుకని వెళ్లేవాళ్లని తయారు చేద్దామనుకున్నా.”

కానీ నేర్చుకోవడానికి ఒక్కరూ వస్తే ఒట్టు. మన ఆడవాళ్లని కూడా గోడలెక్కిస్తుందని ఊళ్లో వేళాకోళాలు. ఇక నేనే వెళ్లాను. నాకు బండి బ్రహ్మాండంగా వచ్చు. అయినా రాదన్నాను. ఇది లేడీస్ స్కూలని గుర్తు చేస్తే, ముందు నేను నేర్చుకుని మా అమ్మకి నేర్పుతానని కోశాను. నమ్మలేదు గానీ నేర్పింది.

ఆమె పాఠం ఒక్కటే. చూపు ఎటుంటే బండి అటే పోతుంది. గుంతని చూస్తే గుంతలోకే. ఆ పాఠమే నా కొంప ముంచింది. ఎటు బయల్దేరినా చివరికి ఆమె ముందుకే వెళ్లి ఆగేవాడిని. ఒకరోజు ఆమె నవ్వాపుకుంటూ, మీరు ఎటు చూస్తున్నారో బండి చెప్పేస్తోందండి అంది. నేను చెయ్యి చాపాను. ఈసారి వెనక్కి తీసుకోలేదు.

ఆమె ఆ చేతిని చూసింది, కానీ అందుకోలేదు.

“మీ అమ్మగారు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు. ఆవిడ నా మొహం చూసి మాట్లాడిన రోజున అందుకుంటాను.”

మా అమ్మ ప్రభావతిది తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. మాది కలంకారీ అద్దకం పని. అద్దిన గుడ్డల్ని కాలువలో జాడించాలి. రోజూ ఆ మూటలతో అమ్మని నేనే బండి మీద దింపేవాడిని. నేను పెళ్లి సంగతి చెప్పగానే, జనం చూపించిన నోట్లకి ఎగబాకిన పిల్ల మనింటికి కోడలా అని, ఆ మాట ఎత్తినన్నాళ్లూ నా బండి ఎక్కనని భీష్మించింది. మూట నెత్తిన పెట్టుకుని ఎండలో నడుస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

ఈ సంగతి తెలిసి జ్యోతిర్మయి స్కూటీ వేసుకుని కాలువ గట్టుకే వచ్చింది. అమ్మ మొహం నీళ్ల వైపు తిప్పుకుంది.

“మీ అబ్బాయి బండి ఎక్కొద్దండి,” అంది జ్యోతిర్మయి ఆ వీపుతోనే. “మీ బండి మీరే తోలుకోండి. నన్ను తిట్టుకోవడం నడుస్తూ ఎందుకు, కూర్చునే తిట్టుకోవచ్చు.”

అమ్మ వెనకే వచ్చి నిలబడ్డ నేను, అయిపోయిందిరా అనుకున్నాను. కానీ నా అవసరం లేకుండా తిరిగి చూపించే అవకాశం అమ్మని లాగింది. పక్కకి చూస్తూనే తాళం తీసుకుంది.

ఒక పక్క వరి చేలు, ఒక పక్క కాలువ, మధ్యన సన్నటి గట్టు. అమ్మకి నీళ్ల భయం. ఆ భయంతో నీళ్లనే చూసింది, బండి నీళ్లకేసే పోయింది. జ్యోతిర్మయి మోకాలి లోతు బురదలోకి దూకి ఆపింది. రెండోసారీ అంతే. బురద చేతులు గడ్డికి తుడుచుకుని, ఆమె దూరంగా లాకుల దాకా నడిచి వెళ్లి నిలబడింది.

“నీళ్లని చూడకండి. నన్నే చూస్తూ రండి.”

అమ్మ తలెత్తింది. పమిట దోపుకుంది. బండి కదిలింది. మొదట కాస్త తూలింది, తర్వాత గీత గీసినట్టు సాగింది. యాభై ఏళ్లూ ఎవరో ఒకరి వెనక కూర్చున్న మా అమ్మ, ఒక్కత్తే ఆ గట్టు మీద గాలిని చీల్చుకుంటూ వెళ్తోంది. బావి అంచున తెరుచుకున్న నా నోరు మళ్లీ అలాగే తెరుచుకుంది. కళ్లు కూడా తడిశాయి, దాచుకోవడమెందుకు. వెనకే పరుగెత్తాను.

అమ్మ సరిగ్గా జ్యోతిర్మయి ముందు ఆపింది. దిగలేదు. చూపూ తిప్పలేదు.

“ఇంత దూరం నీ మొహమే చూసుకుంటూ వచ్చాను తల్లీ. ఇప్పుడు తిప్పుకుంటే పడేది నేనే,” అంది. “గుడివాడలో మీ మావయ్యగారు ఎప్పుడుంటారో కనుక్కో. బండి నేనే తోలుకొస్తా, వీడు వెనక కూర్చుంటాడు.”

జ్యోతిర్మయి కళ్లు తుడుచుకోబోయి మొహానికి బురద పూసుకుంది. అమ్మ బండి దిగి పమిట చెంగుతో తుడిచింది. నేను రొప్పుతూనే చెయ్యి చాపాను. ఆమె స్కూటీ డిక్కీ తెరిచి, వస్తూ తెచ్చుకున్న టోపీ తీసి ఆ చేతిలో పెట్టింది. చెయ్యి మాత్రం వదల్లేదు.