లంకలో బంతి భోజనం

అండమాన్ తీసుకెళ్తానని పెళ్ళైన దగ్గర్నుంచీ ఊరించి ఊరించి, చివరికి జయప్రకాశ్ పెళ్ళాన్ని గోదావరి మధ్యలో ఓ ఇసుక లంక మీద దించాడు. పెనుబల్లిలో ఎరువుల కొట్టున్న ఆసామికి అంతకన్నా ఖర్చు పెట్టడానికి చేతులు రాలేదు మరి! భద్రాచలం నుంచి పాపికొండలకు పోయే లాంచీ వాళ్ళిద్దర్నీ అక్కడ వదిలి ముందుకెళ్ళింది. మర్నాడు తిరుగు ప్రయాణంలో ఎక్కించుకుంటుంది.

సాహిత్యకు మాత్రం లంక నచ్చింది. ఆమెకు ఐదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి బిడ్డ దక్కితే చాలని మొక్కని దేవుడు లేడు. వెదురు గుడిసె ముందు నులకమంచం వాల్చుకుని, అవతలి గట్టు అడవిలోంచి వచ్చే ఇప్పపూల వాసన పీలుస్తూ హాయిగా కునుకు తీసింది.

పొద్దు వాలుతుండగా భీమక్క పొయ్యి మీంచి కుండ దించింది. లంకకు వచ్చినవాళ్ళకు వండిపెట్టేది ఆమే. లంక దగ్గరుండే చిన్న పడవ నడిపేది ఆమె మొగుడు పోతయ్య. భీమక్క ముందుగా ఒక అడ్డాకు విస్తరిలో అన్నం, చేపల పులుసు పెట్టి, నోరు మెదపకుండా నీళ్ళ అంచున ఉంచి వచ్చింది.

"అదెవరికి?" అన్నాడు జయప్రకాశ్.

"ఏట్ల పోయినోళ్ళకు సారూ. పెట్టి ఊకుంటం. పిలవం."

జయప్రకాశ్ పకపకా నవ్వాడు. వాళ్ళింట్లో ఏ పెళ్ళైనా, పేరంటమైనా బంతిలో వేసిన ఆకు ఖాళీగా ఉండటానికి వీల్లేదు. దారిన పోయేవాణ్ణైనా రెక్క పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెడతారు. అదీ వాళ్ళ గొప్ప. పైగా పెళ్ళాన్ని కాస్త హడలగొట్టాలన్న సరదా ఒకటి. ఆ విస్తరి తెచ్చి, భోజనానికి ఇసుకలో కూర్చున్న సాహిత్య పక్కన వేసి, ఏటి వైపు తిరిగి గొంతెత్తాడు.

"రండి బాబూ, రండి! ఆకు ఖాళీగా ఉంది. మొహమాటపడకండి!"

భీమక్క చేతిలోంచి గరిటె జారిపోయింది.

గాలి ఆగింది. ఒండ్రు వాసన. దాని వెనకే, చాన్నాళ్ళు నీళ్ళలో నానిన బట్టల వాసన. సాహిత్య పక్కన ఇసుక మెల్లగా కుంగింది... ఎవరో బాసింపట్టు వేసుకుని కూర్చున్నట్టు. విస్తరిలో అన్నం తగ్గుతోంది. ముద్ద తర్వాత ముద్ద.

"పిలిచినంక వడ్డించాలె బిడ్డా," భీమక్క గుసగుసలాడింది. "చాలు అనేదాకా. వాళ్ళు... చాలనరు."

తను తాగాల్సిన గంజి కూడా తెచ్చి అక్కడ పెట్టి, గుడిసెలో దూరి తడిక వేసుకుంది.

జయప్రకాశ్ అన్నం కుండ పెళ్ళాం ఒళ్ళోకి నెట్టాడు. "నువ్వు వడ్డిస్తూ ఉండు. నేను అవతలికెళ్ళి మనుషుల్ని తీసుకొస్తా."

"ఏవండీ... నన్నూ తీసుకెళ్ళండి..."

"ఇద్దరం లేస్తే ఊరుకుంటాడా? కూర్చో!"

పోతయ్యను పడవలోకి తోసి తనూ ఎక్కాడు. కడుపుతో ఉన్న పెళ్ళాం వైపు ఒక్కసారైనా తిరిగి చూడలేదు. ఛీ, అదీ ఒక మగతనమే!

సాహిత్య వడ్డించింది. అన్నం అయిపోయింది. పులుసు అయిపోయింది. గంజి అయిపోయింది. దోసిలితో ఇసుక తీసి పెట్టింది... అదీ పోయింది.

"ఇంక లేదు... దండం పెడతాను... ఇంక లేదు..."

పక్కన ఊపిరి వినపడింది. తడి ఊపిరి. చల్లటి వేళ్ళేవో చీర మీంచి ఆమె పొట్టను తడిమాయి. నెమ్మదిగా. కుండలో ఇంకేమైనా మిగిలిందా అని చూసినట్టు.

ఆమె కెవ్వున అరిచింది. "పిలిచింది నేను కాదు! ఆయన... ఆయన్ని అడుగు!" అని ఏటి వైపు చెయ్యి చూపించింది.

వేళ్ళు తొలిగాయి. కుంగిన ఇసుక పైకి లేచింది.

కాసేపటికి పడవ తిరిగొచ్చింది. పోతయ్య ఒక్కడే ఉన్నాడు.

"నడి ఏట్ల ఎవరో పిలిచినట్టు లేచి దిగిండమ్మా. మునగలే... గట్లనే నడుసుకుంట పోయిండు."

సాహిత్యకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా, ఆ ఏడుపు వెనకే ప్రాణం కుదుటపడింది కూడా. బిడ్డ దక్కింది. పొట్ట పట్టుకుని గబగబా పడవెక్కింది. "జల్దీ పోనీ పోతయ్యా!"

పోతయ్య గెడ వేశాడు. ఉన్నది ఇద్దరే. అయినా పడవ అంచుదాకా నీళ్ళలోకి దిగింది.

ఆమె వెనక, చెవి దగ్గరగా, జయప్రకాశ్ గొంతు ఎంతో మర్యాదగా అడిగింది.

"ఇంకా ఎన్ని నెలలు?"