గోళ్ళరంగు పూసిన బటన్

హోటల్ మెట్లకి ఎదురుగా, ఫుట్‌పాత్ మీద గొడుగులు బాగుచేసేవాడి వేషంలో కూర్చున్న గుమస్తా, మహారాణి బయటికి రావడం చూసి చేతిలోని గొడుగు పక్కన పెట్టాడు.

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ గుమస్తా అనే పిలుస్తారు. ఎక్కడ నిలబెట్టినా సెలవు చీటీ రాసుకుంటున్న మనిషిలా ఉంటాడు. గూఢచారికి అంతకంటే మంచి మొహం దొరకదు. మహారాణి అని వాళ్ళు పేరుపెట్టిన గూఢచారిణి అందుకు పూర్తిగా ఎదురు. ఆమె నడిచివస్తే వీధి వీధంతా తల తిప్పాల్సిందే. ఆ అందాన్ని చూసే చీఫ్ ఆమెని విదేశీ ముఠాలోకి పంపించాడు. ముఠావాళ్ళు ఆమె తమ మనిషే అని నమ్మారు. ఈమధ్య చీఫ్ కూడా అదే నమ్మడం మొదలుపెట్టాడు.

నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, తెల్ల హ్యాండ్‌బ్యాగ్‌ని గుండెలకి ఆనించి పట్టుకుని, ఆమె రోడ్డు దాటింది. ఇంకో నాలుగడుగులు వేస్తే బ్యాగు అతని చేతికి అందుతుంది.

ఎదురు మేడ మీంచి పేలిన ముఠావాళ్ళ సైలెన్సర్ తుపాకీ పెద్ద చప్పుడేమీ చేయలేదు. మహారాణి గొడుగుల మధ్య కూలిపోయింది.

"ఏమండీ..." అంది. ఇంకేదో చెప్పబోయింది. చెప్పలేకపోయింది.

గుమస్తా ఏడవకూడదు. గొడుగులు బాగుచేసేవాడు ముక్కూమొహం తెలియని మనిషి కోసం ఎందుకు ఏడుస్తాడు? మూగిన జనంతో పాటు తనూ అయ్యో అయ్యో అన్నాడు. బ్యాగుని గొడుగుల సంచిలోకి తోశాడు. ఆమె చెయ్యి ఒక్కసారి గట్టిగా పట్టుకుని, వదిలేసి, జనంలో కలిసిపోయాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత కష్టమైన పని అతనెప్పుడూ చేయలేదు.

టీవీ రిపేరు షాపు కౌంటర్ దగ్గర ఆగి అడిగాడు.

"రిమోట్ బాగుచేస్తారా?"

"బ్యాటరీలు మార్చి చూశారా?" కౌంటర్ వెనక మనిషి తలెత్తకుండా అడిగాడు.

"అన్నీ మార్చి చూశాను. టీవీయే మారలేదు."

కోడ్ వర్డ్స్ సరిపోయాయి. వెనక తలుపు తెరుచుకుంది. లోపల లాబ్‌లో చీఫ్, పిన్నిగారు అతని కోసమే కాచుకుని ఉన్నారు. పిన్నిగారు డిపార్ట్‌మెంట్‌కి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. వయసులో అందరికీ పిన్ని వరసే.

"బ్రీఫింగ్ విను," అన్నాడు చీఫ్. "ఆనకట్ట గోడ లోపలి సొరంగంలో స్టీలు పెట్టె ఉంది. మూత తీస్తే పేలుతుంది, కదిపినా పేలుతుంది. ఊరికే చూస్తూ కూర్చున్నా సాయంత్రం షిఫ్టు సైరన్ వేళకి పేలుతుంది. కింద ఊరు ఊరంతా ఉంది. ఖాళీ చేయించే టైం లేదు. దాన్ని ఆపగలిగేది మహారాణి తెచ్చిన రిమోట్ ఒక్కటే."

పిన్నిగారు బ్యాగులోంచి రిమోట్ తీసి మూత ఊడదీసింది. మహారాణి గుండెల్లోకి వెళ్ళిన గుండు ముందు దీంట్లోంచే వెళ్ళింది. మధ్యలో ఉన్న చిప్ రెండు ముక్కలైంది.

"ఎన్‌కోడర్ చిప్ ఇది. బటన్ నొక్కితే రేడియోలో రహస్య సంకేతం పలికేది ఇదే. పాత సరుకు, తయారీ ఎప్పుడో ఆపేశారు."

"అయితే ఇంతేనా?" అన్నాడు చీఫ్.

"ఇంతే అయితే నేనెందుకు? ఆ సంకేతం అడ్రస్ ఈ సర్క్యూట్ బోర్డు మీదే కనిపిస్తోంది. చిప్ కాళ్ళలో కొన్నిటిని గ్రౌండ్‌కి అతికించారు, కొన్నిటిని ఉత్తినే వదిలేశారు. తాళంచెవికి పళ్ళ వరస ఎలాగో దీనికి ఇది అలాగ. ఈ రెసిస్టర్‌ని కొలిస్తే దాని స్పీడు తెలిసిపోతుంది. ఆ పద్దెనిమిది కాళ్ళ చిప్ చేసే పని ఈ ఎనిమిది కాళ్ళ మైక్రోకంట్రోలర్ చేత చేయిస్తాను. దీనికి సొంత తెలివి లేదు గానీ చెప్పినమాట వింటుంది. ఈ డిపార్ట్‌మెంట్‌లో అలాంటివాళ్ళు ఇంకెవరున్నారు?"

ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాం రాసి, ఆ బుల్లి చిప్‌లోకి ఎక్కించి, పాతదాని స్థానంలో సన్నని తీగలతో సాల్డర్ చేసింది. లాబ్‌లో ఉన్న, ఆ సంకేతాన్ని అందుకునే పాత డీకోడర్‌కి అదే అడ్రస్ పెట్టి బటన్ నొక్కింది. పచ్చ దీపం వెలిగింది.

"పనిచేస్తోంది. ఒక్క విషయం గుర్తుంచుకో నాయనా. అవతల బాంబులో ఉన్న డీకోడర్ వట్టి అనుమానపు మనిషి. ఒకే మాట వరసగా మూడుసార్లు వింటే గానీ నమ్మదు. బటన్‌ని అదిమిపట్టి ఉంచాలి. మధ్యలో వదిలావో, మళ్ళీ మొదటికే."

అసలు చిక్కు అక్కడ లేదు. రిమోట్‌కి రెండు బటన్లున్నాయి. ఒకటి బాంబుని ఆపుతుంది, ఇంకోటి అక్కడికక్కడే పేలుస్తుంది. ఏది ఏదో రాసిలేదు. కానీ ఒకదాని మీద ఎర్రటి గోళ్ళరంగు పూసి ఉంది.

"అమ్మాయి పెట్టిన గుర్తే ఇది. ఇది నొక్కమనే," అంది పిన్నిగారు.

"ఆవిడ ఎప్పుడో వాళ్ళ మనిషైపోయింది," అన్నాడు చీఫ్. "మన చేతే మన కొంప ముంచడానికి పూసింది. పని అయ్యాక నోరు మూయించడానికి వాళ్ళే కాల్చేశారు. రెండోదే నొక్కాలి."

"రెండోదే నొక్కాలి సార్. కానీ మీరనుకునే కారణానికి కాదు..." అన్నాడు గుమస్తా.

"కారణాలు తర్వాత చూద్దాం. బయల్దేరు."

గుమస్తా చెప్పాలనుకున్న కారణం ఇదీ.

మహారాణి ముఠాలోకి వెళ్ళక ముందు, ఇంకో కేసులో, చీఫే వాళ్ళిద్దరినీ మొగుడూ పెళ్ళాల వేషంలో ఒక అద్దె ఇంట్లో పెట్టాడు. కవర్ కోసం ఆమె 'ఏమండీ' అని పిలిచేది. మొదట్లో ఇద్దరికీ నవ్వాగేది కాదు. తర్వాత్తర్వాత అది వేషం కాకుండా పోయింది. ఆ ఇంటి వంటగదిలో ఒక స్విచ్ షాక్ కొట్టేది. ఇవాళ బాగుచేయిస్తా, రేపు బాగుచేయిస్తా అంటూ గుమస్తా రోజులు నెట్టాడు. చూసి చూసి ఆమె ఒకరోజు గోళ్ళరంగు సీసా తెచ్చి ఆ స్విచ్ మీద పూసేసింది. "ఏమండీ, ఎర్రది ముట్టుకుంటే నా మీద ఒట్టే!" అంది.

"పిన్నిగారూ, ఎర్ర బటన్‌ని ప్రోగ్రాంలోంచి తీసేయండి," అన్నాడు గుమస్తా.

"తీసేస్తే ఇక దారే ఉండదు. అంత నమ్మకమా?"

"నమ్మకమే. నా చేతుల మీదే లేదు. చూడండి, ఎలా వణుకుతున్నాయో."

ఆవిడ అతని మొహం చూసింది. మరోమాట అడక్కుండా ఆ ఎర్ర బటన్ పనిచేయకుండా ప్రోగ్రాం మార్చి ఇచ్చింది.

ఆనకట్ట సొరంగంలో గోడలు చెమ్మగిల్లి నీళ్ళు కారుతున్నాయి. మెకానిక్ యూనిఫాంలో గుమస్తా పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మూత మీద ఎర్ర దీపం కొట్టుకుంటోంది. ఇన్నాళ్ళూ దూరంగా ఉండి ఆమె నిజంగానే మారిపోయి ఉంటే? వంటింటి స్విచ్‌ని మర్చిపోయి ఉంటే? ఒక ఊరి ప్రాణాలు ఒక ఆడమనిషి పాత అలవాటుకి ముడిపెట్టి వచ్చానా అని భయమేసింది.

రంగులేని బటన్ నొక్కాడు.

ఏమీ జరగలేదు. ఎర్ర దీపం ఇంకా వేగంగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. మళ్ళీ నొక్కాడు. బొటనవేలు వణికి జారిపోయింది. అప్పుడు పిన్నిగారి మాట గుర్తొచ్చింది. మధ్యలో వదలకూడదు.

పొద్దున ఆ చెయ్యి వదిలేశాడు. ఈసారి వదల్లేదు. రెండు బొటనవేళ్ళూ ఒకదానిమీద ఒకటి వేసి, కళ్ళు మూసుకుని, గోళ్ళు తెల్లబడేలా అదిమిపట్టాడు.

పైన షిఫ్టు సైరన్ మోగింది. గుమస్తా కళ్ళు తెరిచాడు. దీపం ఆరిపోయి ఉంది.

కింద ఊళ్ళో జనం క్యారేజీలు పట్టుకుని షిఫ్టుకి వెళ్తున్నారు. వాళ్ళకి ఏమీ తెలియదు.

మహారాణి బయటికి వచ్చిన ఆ హోటల్లోనే ముఠాని పట్టేశారు. మర్నాడు చీఫ్ మంచి హుషారుగా ఉన్నాడు.

"చూశావా? ఆవిడ పూసినదానికి ఎదురు నొక్కాం కాబట్టి బతికిపోయాం. ద్రోహి."

"ఆవిణ్ణి నాకు అప్పగించండి సార్. నేను తీసుకెళ్తాను."

"కుదరదు. మార్చురీలో పేరు లేని మనిషిగానే ఉంటుంది. మనిషి మనదని ఒప్పుకుంటే డిపార్ట్‌మెంట్‌కి మచ్చ. ద్రోహి కాదని నిరూపించగలవా?"

ఊరంతా బతికినా ఆమె మాత్రం అందరి దృష్టిలో ద్రోహిగా మిగిలిపోయింది. ఆమె మాటకి సాక్ష్యం ఒకే ఒక్క చోట ఉంది.

"మా ఇంటికి వచ్చి టీ తాగండి సార్. తర్వాత మీ ఇష్టం."

కేసు ముగిసినా గుమస్తా వదలని ఆ అద్దె ఇంట్లో, కిటికీలు మూసి ఉన్న వంటగది మసక మసకగా ఉంది.

"కాస్త లైటు వేస్తారా సార్? నా చేతిలో గిన్నె ఉంది."

చీఫ్ స్విచ్ బోర్డు వైపు చూశాడు. నల్లటి స్విచ్‌ల వరసలో ఒక్కటే ఎర్రగా ఉంది. ఎవరైనా ఏం చేస్తారు? దాన్నే నొక్కాడు.

"చచ్చాన్రా బాబూ!" అని చెయ్యి విదిలించుకుంటూ వెనక్కి గెంతాడు. "షాక్ కొడుతుందని ముందు చెప్పొద్దటయ్యా?"

"ఆవిడ చెప్పింది సార్. ఇక్కడా చెప్పింది, రిమోట్ మీదా చెప్పింది. ఇంకెవరికీ తెలియకపోయినా నాకు తెలుస్తుందనుకుంది."

చీఫ్ వేళ్ళు రుద్దుకుంటూ ఆ స్విచ్‌నే చూస్తూ నిలబడిపోయాడు. ఆ తర్వాత జేబులోంచి ఫోన్ తీసి మార్చురీకి కలిపాడు.

"నిన్న పేరు లేదని రాసుకున్న ఆవిడ మా మనిషి. భర్త వస్తున్నాడు. అప్పగించండి."

గుమస్తా గిన్నె కింద పెట్టాడు. నిన్నటి నుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

చీఫ్ అతని భుజం మీద చెయ్యి వేసి, "షాక్ కొట్టింది నాకైతే ఏడుపు నీకెందుకయ్యా?" అన్నాడు.