ఊరికొక్క ఫ్రిజ్

ఫ్రిజ్ మళ్లీ గుర్రుమంది. వాకిలి ఊడుస్తున్న సుగుణమ్మ చీపురు అక్కడే పడేసి లోపలికి పరుగెత్తి, బిందె ముందేసుకుని గరగరా తోమడం మొదలుపెట్టింది. నిన్న తోమిన బిందే అది. మొన్న కూడా తోమింది.

"అమ్మా, దానికి చిల్లు పడేదాక తోముతవా ఏంది?" అంది తేజస్విని తల దువ్వుకుంటూ.

"నీ నోరు జర మెల్లగ పెట్టు. పక్కింటోళ్లు ఇంటరు."

వినకేం చేస్తారు! గట్టు మండలానికి పోయే రోడ్డు మీద ఉన్న ఆ ఊళ్లో ఇప్పుడు చీమ చిటుక్కుమన్నా వినిపిస్తోంది. పోయిన వారం గాలివానకు పెద్ద లైను స్తంభాలన్నీ ఒరిగిపోయాయి. అవి లేచేదాకా ఊరికి దిక్కు పక్క ఊరి నుంచి లాగిన సన్న తీగే. బరువెక్కువైతే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు కాలిపోతుంది, మంచినీళ్ల బోరు ఆగిపోతుంది. అందుకని ఊరంతా పంచాయతీ ముందు కూర్చుని మాట అనుకున్నారు. రాత్రిపూట ఇంటికో బల్బు, ఒక ఫ్యాను. పగలు అవీ లేవు. ఫ్రిజ్జులు, కూలర్లు, మిక్సీలు, టీవీలు అన్నీ బంద్. మూలన పడ్డ రోళ్లు కడుక్కుని ఆడవాళ్లు తిట్టుకుంటూనే పచ్చళ్లు నూరుకుంటున్నారు.

ఇల్లిల్లూ తిరిగి చూసే పని వార్డు మెంబరు బాలకిష్టయ్య మీద పడింది. ఆయన సుగుణమ్మ మొగుడే. ఊళ్లో పగలూ రాత్రీ నడుస్తున్న ఫ్రిజ్ ఆయన ఇంట్లోనే ఉంది!

సరదాకు నడపడం లేదు పాపం. తేజస్వినికి పదమూడో ఏట షుగరొచ్చింది. పూటపూటకూ ఇన్సులిన్ సూది వేసుకుంటే తప్ప బతకదు. పోయిన ఎండాకాలం కరెంటు లేక మందు పాడైతే తెలియక అదే వేసుకుంది. స్పృహ తప్పిన పిల్లను భుజాన వేసుకుని కర్నూలు దవాఖానకు పరుగెత్తారు. ఆ రోజు నుంచి సుగుణమ్మ ఫ్రిజ్ స్విచ్చు ఎవరినీ ముట్టనివ్వదు. ఊళ్లో వాళ్లకు మాత్రం వడదెబ్బ అని చెప్పింది. ఆడపిల్లకు సూది రోగమని తెలిస్తే ఎవరు చేసుకుంటారని ఆమె భయం. ఇప్పుడేమో పక్కింటి తిమ్మమ్మ తన తమ్ముడి కొడుకు రాఘవేంద్రకు పిల్లనడుగుతోంది. ఖిల్లా ఘణపూర్‌లో టీచరు, నెమ్మదైనవాడు.

"సుగుణా, తోడుకు ఇంత పెరుగుంటె పెట్టు," అంటూ ఆ తిమ్మమ్మే గిన్నె పట్టుకుని వచ్చింది. "మా ఇంట్ల పొద్దుగాల తోడేస్తె సాయంత్రానికి పులిసిపోతది."

"ఉండక్కా, తెస్త," అని సుగుణమ్మ గాభరాగా పెరుగు గిన్నె తెచ్చి చేతికిచ్చేసింది. ఇచ్చాక గానీ తట్టలేదు. నడి ఎండాకాలంలో గిన్నె మంచులా ఉంది!

తిమ్మమ్మ గిన్నెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఇంత సల్లగున్నదేందే?"

"నీళ్ల తొట్ల పెట్టిన."

తిమ్మమ్మ వంటింటి వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. ఆ చూపు సుగుణమ్మను మధ్యాహ్నందాకా ఇంట్లో ఒక చోట కూర్చోనివ్వలేదు. ఫ్రిజ్ మీద బొంత కప్పింది, తీసింది, మళ్లీ కప్పింది.

బాలకిష్టయ్య ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద నోట్లోకి పోలేదు.

"వెనక బజారు బాలయ్య ఇంటికి పోయి కూలర్ ప్లగ్గు పీకొచ్చిన. ఆయన నాకు దండం పెట్టిండు సుగుణా. నీ లెక్క నియ్యత్ గలోడు, నీతి గలోడు ఉండాలన్నడు. నాకు భూమిల కూరుకపోయినట్లాయె."

"మరి ఏంజేద్దాం? పిల్లను సంపుకుందామా?"

"సంపుకోమని ఎవరన్నరు? నలుగురి ముందట చెప్పి నడుపుకుందాం. వద్దంటరా?"

"చెప్తె ఆ సంబంధం వస్తదా? పెండ్లైనంక చెప్దాం."

తేజస్విని చేతిలోని గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "పెండ్లైనంక చెప్తవా? అంటే నేను ఆయన ఇంట్ల గూడ దొంగ లెక్క బతకాల్నా? నేను ముందుగాల చెప్పంది చేసుకోనమ్మా. గంతే."

"నీ మంచికే గదనే!"

"నా మంచికైతె నన్ను దాచిపెట్టవు."

తల్లికి దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఏడుపొచ్చింది గానీ ఏడిస్తే పక్కింటికి వినబడుతుందని కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు తెల్లవారి బోరు వేయగానే ఫ్యూజు ఢామ్మని పోయింది. ట్యాంకులో చుక్క నీళ్లు లేవు. ఖాళీ బిందెలతో నిలబడ్డ జనానికి ఒళ్లు మండిపోయింది. ఎవరో దొంగతనంగా కరెంటు వాడుతున్నారని తలా ఒక మాట. చివరికి అందరి వేళ్లూ భీమమ్మ ఇంటి వైపు తిరిగాయి. మొగుడు పోయిన మనిషి, జాకెట్లు కుట్టుకుని బతుకుతుంది. నిన్నంతా మిషన్ చప్పుడు వచ్చిందట.

"కాళ్లతోనే తొక్కుతున్ననయ్యా! మోటరు ఎప్పుడో పీకి పెట్టిన. చూడుండ్రి," అని భీమమ్మ వాచిన పాదాలు చూపించింది. ఎవరు చూస్తారు!

"గీ మాటలొద్దు. మెంబరూ, ఆమె వైరు కట్ చెయ్యి," అని అరిచాడు కూలర్ బాలయ్య.

ఎవరో కటింగ్ ప్లయర్ తెచ్చి బాలకిష్టయ్య చేతిలో పెట్టారు. ఆయన దాన్ని పట్టుకుని భార్య వైపు చూశాడు. కోపంగా కాదు, ఆపమన్నట్టు. తేజస్విని కూడా తల్లినే చూస్తోంది. భీమమ్మ "అన్నా, నువ్వన్న నమ్మే" అని ఆయన కాళ్ల మీద పడబోయింది.

"ఆమె కాదు," అంది సుగుణమ్మ. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. మళ్లీ అంది, ఈసారి గట్టిగా. "ఆమె కాదు, నేను! మా ఇంట్ల ఫ్రిజ్ నడుస్తుంది. బంద్ పెట్టనే లేదు. నా బిడ్డకు షుగరున్నది, ఇన్సులిన్ లేకుంటె బతకదు. మొదట్నుంచి మీకందరికి దాచిపెట్టిన. ఏమంటరో నన్ను అనుండ్రి."

జనం మధ్య తిమ్మమ్మ ఖాళీ బిందె చంకనెత్తుకుని ఉంది. సుగుణమ్మ ఆమె కళ్లలోకి చూడలేకపోయింది.

బాలయ్య తల గోక్కున్నాడు. "నేను గూడ... కూలర్ మళ్లీ పెట్టుకున్న. ఉక్కకు నిద్ర పడుతలేదు."

తిట్లు, ఒకరిద్దరు నవ్వులు, ఆ వెనకే "మా ఇంట్ల టీవీ జరసేపు..." అని ఇంకెవరిదో గొంతు. తీరా చూస్తే ఊరు ఊరంతా తలా ఇంత దొంగతనం చేసింది. బాలకిష్టయ్య ప్లయర్ కింద పెట్టి భీమమ్మకు చేతులు జోడించాడు. భీమమ్మ ఆయన్ను పట్టించుకోకుండా సుగుణమ్మ దగ్గరికొచ్చింది.

"పిల్లకు పాణం మీదికొస్తదని చెప్తె, ఈ ఊళ్లె ఎవరు కాదంటుండె అక్కా? నన్ను దొంగను చేసేదాక చూస్తివి గదా," అంది.

బోరు నడిచేటప్పుడు తప్ప, సుగుణమ్మ ఇంటి ఫ్రిజ్ నడవాలని అక్కడికక్కడే తీర్మానమైంది. తిమ్మమ్మ మాత్రం ఆ మాట వినేదాకా కూడా ఆగకుండా వెళ్లిపోయింది.

ఆ పగలంతా సుగుణమ్మ పక్కింటి తలుపు వైపే చూస్తూ గడిపింది. ఇటు పొయ్యి మీద పప్పు మాడింది. సంబంధం పోయిందనే అనుకుంది. పోతే పోయింది అని పైకి అంటూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పొద్దు వాలుతుండగా తిమ్మమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. "తమ్మునికి ఫోన్ చేసి చెప్పిన. దాచేది కాదు గదా. పిల్లోనితోని మాట్లాడి చెప్తమన్నరు. అవునంటరో కాదంటరో నాకైతె తెల్వదు."

"ఏదన్నా మంచిదే పెద్దమ్మా," అంది తేజస్విని తేలిగ్గా ఊపిరి తీసుకుని.

తిమ్మమ్మ లేవలేదు. అటూ ఇటూ చూసి, కొంగు ముడి విప్పి ఒక చిన్న సీసా తీసింది. "డాక్టరు నాక్కూడ గీ సూదే రాసిండే బిడ్డా. కోడండ్లకు తెలిస్తె ముసల్దాని పనైపోయిందంటరని బియ్యం డబ్బాల దాచిన. భయమైతుంది. ఒక్కటి గూడ ఏసుకోలే."

తేజస్విని సీసా అందుకుని వెలుతురుకు పట్టి చూసింది. "ఇది వేడికి చెడిపోయింది, వాడొద్దు. రేపు గద్వాల పోయి కొత్తది తెచ్చుకుందాం. మా ఫ్రిజ్‌ల పెట్టుకో."

లోపలికెళ్లి తన మందు తెచ్చుకుంది. వీధిలో మనుషులు వస్తూ పోతూ ఉండగానే, అరుగు మీద కూర్చుని చేతి మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూపించింది. "గిట్ల పట్టుకోవాలె. గిట్ల తిన్నగ," అని వేళ్లు తీసి సూది పొడుచుకుంది.

"నొస్తదా బిడ్డా?" అని అడిగింది తిమ్మమ్మ.

"నొస్తది పెద్దమ్మా. అలవాటైతదంటరు గాని, రోజూ జరంత నొస్తది."

గడపలో నిలబడి సుగుణమ్మ ఆ మాట వింది. ఇన్నేళ్లుగా పిల్ల వెనక గదిలో ఒక్కతే సూది పొడుచుకుంటుంటే తను బయట కాపలా కాసింది. ఎవరైనా వస్తారేమోనని చూసింది, చప్పుడు చేసింది, అబద్ధాలాడింది. నొస్తుందా బిడ్డా అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. పరాయి మనిషి మొదటి రోజే అడిగిన మాట!

అరుగు దాకా వచ్చి కూతురి చేయి పట్టుకుంది. సూది పొడిచిన చోట బొటనవేలితో మెల్లగా రాసింది. కన్నీళ్లు ఆ చేతి మీదే పడ్డాయి.

"నాకు గూడ నేర్పు తల్లీ," అంది. "రేపటి సంది నేను ఏస్త."

తల్లి కూర్చోవడానికి తేజస్విని కొంచెం పక్కకు జరిగింది.